దిండును అడిగిన పిల్ల

నా చదువు ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే, ముందు ఆగింది బడి, తర్వాతే నేను అంటాను. అరవై తొమ్మిదిలో జనగామలో బళ్లు మూతపడ్డాయి. పెద్ద పిల్లలు నినాదాలు ఇస్తూ రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ల వెనక నేనూ ఉన్నాను. వాళ్లకు తెలంగాణ కావాలి, నాకు వాళ్ల గొంతులు కావాలి. ఎవరు ఎట్లా అరుస్తారో చూసి సాయంత్రానికి అట్లాగే అరిచి చూపించేవాడిని. కొన్నాళ్లకు బడి మళ్లీ తెరుచుకుంది. నేను తెరుచుకోలేదు. అప్పటికే రైలు స్టేషను బయట చాయ్ హోటల్లో నాకు పని దొరికింది. కోస్తా నుంచి వచ్చిన మా లెక్కల సారు తిట్టే తీరు, పోలీసు జమేదారు ఉర్దూలో దబాయించే తీరు, టికెట్ లేకుండా దొరికినవాడు కాళ్లు పట్టుకునే తీరు, అన్నీ చాయ్‌తో పాటు ఊరికే ఇచ్చేవాడిని.

తర్వాత లారీ క్లీనర్‌ని అయ్యాను, డ్రైవర్‌ని అయ్యాను. ఎనభైలు సగం దాటేసరికి మహబూబాబాద్ దగ్గర ఒక ధర్మ దవాఖానలో జీపు నడుపుతున్నాను. మహబూబాబాద్ అని బస్సు బోర్డు మీద ఉంటుంది గానీ, బస్సులో కూర్చున్నవాళ్లంతా మానుకోటకే పోతారు. దవాఖానను ఆనుకుని ఆడపిల్లలకు నర్సు ట్రైనింగ్ స్కూలు ఉండేది. తరిగొప్పుల నుంచి, దంతాలపల్లి నుంచి, బయ్యారం నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లను జీపులో కుక్కి ఊళ్లలో క్యాంపులకు తీసుకుపోవడం నా పని. దారి పొడుగునా నవ్వించడం నా జబ్బు.

స్కూలును నడిపే డాక్టరమ్మది గుంటూరు వైపు. ఒకరోజు నేను ఆమె గొంతుతో వార్డు ఆయాను పిలిచాను. ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయా వెనకాలే డాక్టరమ్మ కూడా వచ్చింది. ఇక స్టీరింగ్ వదిలి మళ్లీ చాయ్ గ్లాసులు కడుక్కోవాలనుకున్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, రోగుల్లాగా కూడా మాట్లాడగలవా అని అడిగింది. రోగులు, రోగుల అత్తలు, మామలు, తోడు వచ్చి పడుకుని గురకపెట్టే వాళ్లు, ఎవరు కావాలన్నా ఉన్నారమ్మా నా దగ్గర అన్నాను.

ఆ ఏడాదే స్కూలుకు కంప్యూటర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఇంజనీరుగా ఉన్న ఆమె తమ్ముడు తెచ్చి పెట్టాడు. దానికొక గది, గదికొక కూలర్, కిటికీలకు నల్లగుడ్డ. దుమ్ము పడకుండా చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. రోగులున్న వార్డులోకి మాత్రం అందరూ చెప్పులతోనే నడిచేవాళ్లు. పాణం ఎందులో ఉన్నదో వీళ్లకు బాగనే తెల్సు అని ఆయాతో అంటే, ఆమె నా నోటికి తాళం పడాలని కోరుకుంది.

కంప్యూటర్ ఎందుకో డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. పిల్లలకు సూది వేయడం వచ్చు, కట్టు కట్టడం వచ్చు. రోగితో ఎట్లా మాట్లాడాలి, ఏ సంగతి ఎవరికి చెప్పాలి, ఏది ఎవరికీ చెప్పకూడదు అన్నది మాత్రం పుస్తకం చదివితే వస్తలేదు. దానికి ఆమె వృత్తి మర్యాద అని పేరు పెట్టింది. అది నిజం రోగి మీద నేర్చుకుంటే, నర్సు చేసిన తప్పుకు దెబ్బ రోగికి తగులుతుంది. అదే కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి రోగిని పెడితే, ఎన్ని తప్పులు చేసినా ఎవరి కొంపా మునగదు. మర్యాదకు కూడా ట్రైనింగ్ ఉంటుందని మా లెక్కల సారుకు ఎవరూ చెప్పినట్టు లేదు అనుకున్నాను.

మొదట పిల్లలను ఒక్కొక్కరినే దాని ముందు కూర్చోబెట్టారు. ఆకుపచ్చ అక్షరాలతో రోగి ఏదో అంటాడు. కింద మూడు జవాబులుంటాయి. ఏది చెబుతావో ఆ అంకె నొక్కాలి. తప్పు నొక్కితే రోగి కోపానికి వస్తాడు, మందు మానేస్తాడు, ఒక్కోసారి చచ్చిపోతాడు కూడా. మా పిల్లలు వారం తిరగకుండానే గుట్టు పట్టేశారు. మూడింట్లో పొడుగు జవాబే మర్యాద గల జవాబు. అందరికీ నిండా మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రమే వార్డులో ఒక పిల్ల, నోర్మూసుకొని పండుకో ముసల్దానా అని అరవడం డాక్టరమ్మ చెవిన పడింది.

అప్పుడు ఆమె ఆటను మార్చింది. గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు వేయించింది. పిల్ల ఒక కుర్చీలో, ఎదురుగా నేను. కంప్యూటర్ తెర పిల్ల వీపు వెనక, నాకు మాత్రమే కనబడేట్టు. దాని పక్కన డాక్టరమ్మ కూర్చుని, పిల్ల ఏమందో విని అంకె నొక్కుతుంది. చెప్పేస్తే ఒకటి, కసిరితే రెండు, మర్యాదగా కాదంటే మూడు. యంత్రం ఆలోచించి నాకు ఒక మాట చూపిస్తుంది. కోపం. మళ్లీ అడుగు. బతిమాలు. ఏడువు. దానికి తెలుగు లిపి రాదు కాబట్టి మన మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. లారీ బోర్డులు చదివిన చదువు నాకు అక్కడ పనికొచ్చింది. ఎట్లా ఏడవాలో, ఏమని బతిమాలాలో నా ఇష్టం.

ఇక దిండును అడిగిన పిల్ల సంగతి. ఆమెది బయ్యారం దగ్గర పల్లె. జీపులో నా పక్కన కూర్చుని దారంతా కబుర్లు చెప్పేది. ఊళ్లో ఎవరింట్లో బర్రె ఈనిందో, ఏ ఇంట్లో ఎవరు అలిగారో, అన్నీ. నేను ఆమెను రేడియో అని పిలిచేవాడిని. నవ్వేది. ఆ నవ్వు భూపాలపల్లి క్యాంపుతో ఆగిపోయింది.

భూపాలపల్లిలో అప్పుడు బొగ్గు బావులు కొత్తగా తెరుస్తున్న రోజులు. లారీల దుమ్ము, ఎక్కడెక్కడి మనుషులో. అక్కడ బడి వరండాలో మా క్యాంపు పెట్టారు. ఒక చిన్న వయసు కోడలు ఒక్కతే వచ్చి దగ్గు అని చూపించుకుంది. కళ్లె పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఇంట్లో చెప్పకండ్రి, నేనే సమయం చూసి చెప్తా అని ఆమె మా పిల్ల చేతులు పట్టుకుని అడిగింది. పిల్ల సరేనంది. మరునాడు అత్తగారింటి నుంచి ఆ కోడలి బావ వచ్చాడు. వచ్చి జబ్బు సంగతి అడగలేదు. నీది ఏ ఊరు బిడ్డా అని అడిగాడు. ఎవరి బిడ్డవు అని అడిగాడు. చాయ్ తాగేలోపు ఎక్కడో ఒక పెళ్లి సంబంధం పట్టుకుని వరుస కలిపాడు. మా పిల్లకు చిన్నాయిన అయ్యాడు. ఆ తర్వాత అడిగాడు. పిల్ల చెప్పేసింది. మూడు పొద్దులు గడవక ముందే ఆ కోడలిని గిన్నె, గ్లాసు, బొంతతో సహా పుట్టింటికి పంపించారు. మందులు మేమే అక్కడికి చేర్చేవాళ్లం. జబ్బు నయమైంది. అత్తగారింటికి ఎప్పుడు పోయిందో, అసలు పోయిందో లేదో నాకు తెలియదు.

స్కూలు పెద్దలు పిల్లను పిలిచి ఎందుకు చెప్పావని అడిగారు. డబ్బు ఇచ్చాడా, బెదిరించాడా అని అడిగారు. ఆమె ఒకటే మాట అంది. "చిన్నాయిన అయిండు గద. ఎట్ల జెప్పకుంట?" ఆ జవాబు వాళ్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా దిక్కు పరాయివాడికి చెప్పకపోవడం తెలివి. వరుస కలిసిన తర్వాత చెప్పకపోవడం మాత్రం తలబిరుసు. ఆ పిల్లకు తలబిరుసు లేదు, అదే ఆమె నేరం.

పంపించేద్దామన్నారు. డాక్టరమ్మ అడ్డుపడి చివరి పరీక్ష దాకా గడువు సంపాదించింది. ఆ పరీక్ష కంప్యూటర్ గదిలోనే. ఈసారి కూడా సంగతి బయటపెడితే, పిల్ల పెట్టె సర్దుకోవాలి. డాక్టరమ్మ పరీక్షకు పెట్టిన కథ కూడా అదే. కోడలికి టీబీ, మామ వచ్చి అడుగుతాడు. ఆ మామను నేను. ఆమెను పడగొట్టడం నా డ్యూటీ. ఆ వారమంతా జీపులో ఆమె వెనక సీటులో కూర్చుంది. నేను జోకులు వేశాను గానీ, అవి నాకే అరగలేదు.

పరీక్ష చూడడానికి హైదరాబాద్ నుంచి ఒక ముసలి డాక్టర్ వచ్చాడు. రిటైరైన మనిషి, తెల్లటి మీసాలు, ఉర్దూ కలిసిన తెలుగు. చెప్పులు విడవమంటే యంత్రాన్ని ఒకసారి, డాక్టరమ్మను ఒకసారి చూసి విడిచాడు. మంచం మీద దిండు, మా మాటలో మెత్త, పెట్టి, పైన దుప్పటి కప్పి ఉంది. పడుకున్న కోడలు అదే. మాట్లాడాల్సింది మామ, నర్సు కాబట్టి కోడలికి దిండు చాలనుకున్నారు.

ముందు ముగ్గురు పిల్లలు వచ్చారు. నేను తలకు తువ్వాల చుట్టి, చేతికర్ర పట్టుకుని, నాకు చేతనైనంత బతిమాలాను. ముగ్గురూ బట్టీ పట్టిన ఒకటే వాక్యం అప్పజెప్పారు. క్షమించండి, రోగి వివరాలు ఇతరులకు చెప్పడం మా వృత్తి ధర్మానికి విరుద్ధం. రేడియోలో వార్తలు చదివినట్టు. డాక్టరమ్మ మూడు, మూడు, మూడు నొక్కింది. ముగ్గురూ పాస్. ముసలాయన మీసం కొరుక్కుంటూ కూర్చున్నాడు. మూడో పిల్ల బయటకు పోగానే నా దిక్కు తిరిగాడు.

"నువ్వు నిజంగ మామవైతే గిట్లనే ఊకుంటవా?"

ఊకోను సార్ అన్నాను.

"మరి అసలు మామ లెక్క అడుగు. లేకపోతే ఈ పరీక్ష నేను ఒప్పుకోను."

తర్వాత రావాల్సింది బయ్యారం పిల్ల. డాక్టరమ్మ నా కళ్లలోకి చూసింది. వదిలెయ్ అని చెప్పలేదు, వదలకు అనీ చెప్పలేదు. వదిలేస్తే ఆయన పసిగడతాడు. వదలకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

పిల్ల వచ్చి కూర్చుంది. తెల్ల చీర కుచ్చిళ్లను రెండు చేతులతో పట్టుకుంది. కూలర్ గుడగుడమంటోంది. మా కోడలికి ఏమైందమ్మా అని మొదలుపెట్టాను. రోగి సంగతి బయట చెప్పరాదు బాపూ అంది. మూడు. మళ్లీ అడుగు అని వచ్చింది తెర మీద. నేను బయటివాడినా, నా కొడుకు పెళ్లామే కదా అన్నాను. ఈసారి బట్టీ వాక్యం చెప్పింది, మధ్యలో ఒకచోట తడబడింది. మూడు. బతిమాలు అని వచ్చింది.

నేను కర్ర పక్కన పెట్టాను. చెవి సందులో పెట్టుకున్న బీడీ తీసి చేతిలో నలిపాను.

"గదంత మంచిదే. ఇంతకు నీది ఏ ఊరు బిడ్డా?"

ఆ పిల్ల మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. ఏం జరగబోతోందో ఆమెకు తెలిసింది. నాకు తెలుసని కూడా తెలిసింది. వెనక కూర్చున్న ఇద్దరికీ ఇది ఊరికే కబుర్లలాగా వినబడుతోంది.

"బయ్యారం దిక్కు."

"ఎవలి బిడ్డవు?"

చెప్పకుండా ఉండొచ్చు. కానీ పెద్దమనిషి ఎవరి బిడ్డవని అడిగితే చెప్పకుండా ఉండేవాళ్లు మా దిక్కు దొంగలే. ఆమె ఊరు చెప్పింది, వాడ చెప్పింది, బోరింగు పక్క ఇల్లని చెప్పింది. మాట మాటకూ గొంతు సన్నబడుతోంది.

"ఓరినీ. మా చిన్నమ్మను ఇచ్చింది గా వాడకే. మీ నాయిన నాకు తమ్ముని వరుస. అంటే నువ్వు నా బిడ్డవే. చూసినవా, మొఖం చూడంగనే అనుకున్న."

ఆమె తల దించుకుంది. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"బిడ్డ నాయిన దగ్గర దాస్తదా?"

డాక్టరమ్మ వేలు అంకెల మీద గాలిలో ఆగిపోయింది. పిల్ల చెప్పలేదు, కసరలేదు, కాదనలేదు. ఏం నొక్కాలి? చివరకు ఆమె మూడే నొక్కినట్టుంది. తెర మీద ఆఖరి మాట వచ్చింది. ఏడువు.

ఏడవడం నాకు కష్టం కాదు. ఆ రోజు మరీ తేలికగా వచ్చింది. ఇంట్లో పాలు తాగే పసిపిల్ల ఉందని, కోడలు దగ్గినప్పుడల్లా నాకు నిద్ర పట్టదని, అంటుకునే రోగమా కాదా అన్న ఒక్క ముక్క చెబితే చాలు, పేరు కూడా వద్దని, చేతులు జోడించాను. అడుగుతున్నది తప్పు ప్రశ్న అయితే కాదనడం సులువు. ఆ మామ భయం నిజమైనది. అందుకే అది చాలా చెడ్డ ప్రశ్న. పిల్ల నోరు తెరిచింది. వోల్టేజీ పడిపోయి గదిలో బల్బు ఎర్రబడింది. కరెంటు పూర్తిగా పోతే బాగుండు, యంత్రం ఆగిపోతే బాగుండు అనుకున్నాను. పోలేదు. మానుకోటలో కరెంటు పోవాల్సినప్పుడు ఏనాడూ పోదు.

"పసిపిల్లను రేపు తీసుకరాండ్రి. మేం చూస్తం. గది మా పని," అంది పిల్ల నెమ్మదిగా. అని లేచి నిలబడింది. "మీరు నాకు నాయిన వరుస అన్నరు. అయితే గామె నాకు వదిన."

మంచం దగ్గరికి పోయి, పట్టె మీద కూర్చుంది. దుప్పటి మీద చెయ్యి పెట్టి దిండుతో అంది.

"వదినా, మీ మామ అడుగుతున్నడు. నువ్వే చెప్తవా, నన్ను చెప్పమంటవా, ఇప్పుడైతే వద్దా?"

అని ఎదురుచూసింది.

గదిలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఆ కథలో అందరి మాటలూ రాసి ఉన్నాయి, కోడలి మాట తప్ప. ఆమెను ఎవరైనా అడుగుతారని డాక్టరమ్మ అనుకోలేదు, దాన్ని యంత్రంలోకి ఎక్కించిన ఆమె తమ్ముడు అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆకుపచ్చ గీత ఒకటి తెర మీద వెలిగి ఆరుతోంది. పిల్ల మాత్రం దిండు నిజంగానే నోరు విప్పుతుందన్నట్టు ఒంగి కూర్చుంది. నవ్వాల్సిన సంగతే. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు నేను లేచాను. తెర మీద లే అని లేదు. మా దిక్కు కోడలు మాట్లాడుతుందంటే మామ ఆ గదిలో ఉండడు. ఆమె కొంగు తల మీదికి లాక్కునేలోపే దగ్గి, గడప దాటుతాడు. తువ్వాల కట్టిన తల ఆ పని తనంతట తనే చేసింది. నేను బయటుంట బిడ్డా అని చెప్పి, కర్ర తీసుకుని వరండాలోకి వచ్చేశాను.

నా వెనకే ముసలాయన వచ్చాడు. వరండాలో మిగతా పిల్లలంతా ఉన్నారు. ఆయన గొంతు తగ్గించలేదు.

"ఎవరు లేవమన్నరు నిన్ను?"

నేను నోరు తెరిచానో లేదో పిల్లలు కిసుక్కున నవ్వారు. నేనింకా ఏమీ అనలేదు. ఇన్నేళ్లు నవ్వించిన పుణ్యం, నా నోరు తెరుచుకుంటే జనానికి నవ్వొస్తుంది. ఆ ఒక్క రోజు అది నాకు అక్కర్లేదు.

"మామను గద సార్. కోడలు మాట్లాడేటప్పుడు ఎట్ల కూసుంట?"

"కోడలు ఎక్కడ? మెత్త ఉన్నదక్కడ. నువ్వు ఆమెకు సాయం చేసినవు. ముందే మాట్లాడుకున్నరా మీరిద్దరు?"

లేదు సార్ అన్నాను. నా మీద ఒట్టు వేశాను. పిల్లలు మళ్లీ నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడింది. ఆయన ఆమెతో, వీడు జోకులేసే మసఖరాగాడని మీరే చెప్పిన్రు, మసఖరాగాడి మాట మీద నేను ఎట్ల పాస్ చేయాలె అన్నాడు. సాయం అందిందని తేలితే పరీక్ష రద్దు. రద్దయితే ఆ పిల్లకు ఇంకొకటి లేదు. కొంచెంసేపు అటూ ఇటూ నడిచి, మళ్లీ పెట్టండి, ఈసారి మామను నేను అన్నాడు.

నన్ను లోపలికి రానివ్వలేదు. గుమ్మం పరదా పక్కన గోడకు ఆనుకుని, సందులోంచి చూస్తూ నిలబడ్డాను. ఎందుకు మళ్లీ కూర్చోబెడుతున్నారో పిల్లకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష తప్పాననే అనుకుంది. మొహం చూస్తే తెలుస్తోంది.

ఆయన ఊరు అడగలేదు, వరుస కలపలేదు, ఏడవలేదు. కాలు మీద కాలు వేసుకుని మామూలు గొంతుతో, నేను ఈమె మామను, నేను కూడా డాక్టర్‌నే, రిపోర్టు చూపించు అన్నాడు. మా మామలను మించిన మామ ఈయన. ట్రైనింగ్ అంతా డాక్టర్ చెబితే చేయాలని నేర్పించి, ఇప్పుడు అదే డాక్టర్ అడిగితే పిల్ల ఏం చేస్తుంది? సార్ అంది పిల్ల. మళ్లీ సార్ అంది. ఆయన చెయ్యి చాచాడు.

ఆమె లేచి మంచం దగ్గరికి పోయింది. ఈసారి వదినా అనలేదు. అమ్మా అంది. సారు అడుగుతున్నారు, నీ ఇష్టం ఏంది అని అడిగింది. అడిగి ఆగింది. ఆయన లేవలేదు. వాచీ చూసుకున్నాడు. పిల్ల ఆయన దిక్కు తిరిగింది.

"మీరు జర బయట కూసోండ్రి సార్. మీ ముందట ఆమె మాట్లాడది."

"మాట్లాడనీకి అక్కడ ఎవరున్నరు? మెత్త."

పిల్ల చెయ్యి దుప్పటి మీద నుంచి తీయలేదు.

"మీరు గీడ ఉన్నంతసేపు మెత్తనే సార్."

చెప్పి, వచ్చి గుమ్మం పరదా పైకెత్తి పట్టుకుంది. నాకు రెండడుగుల దూరంలో ఉన్నా నన్ను చూడలేదు. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. కూలర్ గుడగుడమంటూనే ఉంది. పిల్ల పరదా పట్టుకున్న చెయ్యి దించడం లేదు. డాక్టరమ్మ అంకెల మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

ముసలాయన కాలు దించాడు. కుర్చీ పట్టె పట్టుకుని లేచాడు. పిల్ల ఎత్తిన పరదా కింద తల వంచి, ఒట్టికాళ్లతో వరండాలోకి వచ్చి, నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. పిల్ల పరదా దించి లోపలికి పోయింది. లోపలి నుంచి డాక్టరమ్మ, ఇప్పుడు ఏ నంబరు నొక్కాలి సార్ అని అడిగింది. బంద్ చేయండి దాన్ని అన్నాడు. ఆ తర్వాత నన్ను చూసి, బీడీ ఉన్నదా అని అడిగాడు. నలిపినదే ఉందన్నాను. అదే ఇయ్యి అన్నాడు. రెండు దమ్ములు లాగాక, పాస్ అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు, పక్కన ఉన్నది నేనొక్కడినే. పిల్లకు చెప్పండమ్మా అని లోపలున్న డాక్టరమ్మను నేనే పిలవాల్సి వచ్చింది.

పిల్ల పాస్ సంగతి విని నవ్వలేదు, ఏడవలేదు. మంచం మీద దుప్పటి మడిచి, దిండు సర్ది, బయటకు వచ్చి చెప్పుల కుప్పలో తన చెప్పులు వెతుక్కుంది. ఒకటి దొరికింది, రెండోది దొరకడానికి చాలాసేపు పట్టింది. నేను వెతికి ఇవ్వబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

డాక్టరమ్మ తమ్ముడు మళ్లీ వచ్చి యంత్రంలో నాలుగో అంకె పెట్టాడు. రోగిని అడిగింది అని దానికి అర్థం. అడిగితే చెప్పడానికి రోగి కూడా కావాలి కదా. నన్ను మామ కొలువు నుంచి తీసి కోడలి కొలువులో వేశారు. ఇక నుంచి దుప్పటి కింద నేను. నా మీసాలకు కోడలి పాత్ర ఏమిటమ్మా అంటే, దుప్పటి ముఖం దాకా కప్పుకో అంది డాక్టరమ్మ. తెర నాకు కనబడదు. ఏం చెప్పాలో చెప్పేవాళ్లు లేరు. నా తల మీదుగా ఇద్దరు మనుషులు నా గురించే మాట్లాడుకుంటూ ఉంటే, మొదటి రోజు సిద్ధం చేసుకున్న జోకు గొంతులోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు దంతాలపల్లి క్యాంపు నుంచి తిరిగి వస్తున్నాం. బయ్యారం పిల్ల మళ్లీ ముందు సీటుకు వచ్చింది. ఆ రోజు ఒక కొత్త పెళ్లికూతురు ఆమెతో గదిలో తలుపేసుకుని చాలాసేపు మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. బయట నిలబడ్డ అత్త మొహం చూస్తే కథ పెద్దదే అనిపించింది. ఊరు దాటిందాకా ఓపిక పట్టాను. అంతకన్నా నా వల్ల కాలేదు.

"ఏందట రేడియో, ఆ పొల్ల సంగతి?"

ఆమె రోడ్డు దిక్కే చూస్తూ అంది.

"జీపు నడుపు అన్నా."

వెనక సీటులో పిల్లలందరూ నవ్వారు. నేను గేరు మార్చాను.